తృతీయ సోపాన్‌కు పిల్లలను తయారు చేస్తున్నాం: ముందుగా ఏ నైపుణ్యాలు నేర్పాలి?

ప్రశ్న: కోవూరు టీచరు

సభ్యులందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లాలో కోవూరుకు దగ్గరలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా బడిలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ యూనిట్లు రెండు ఉన్నాయి. చాలాకాలంగా వాటిని చూసుకున్న మాస్టారు బదిలీ అయి వెళ్లడంతో ఈ సంవత్సరం గైడ్ కెప్టెన్ బాధ్యత నాకు, స్కౌట్ మాస్టర్ బాధ్యత మా వ్యాయామోపాధ్యాయుడికి వచ్చాయి. స్కౌట్ శిక్షణలో ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్ అనే మెట్లు పూర్తి చేసిన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఇప్పుడు తృతీయ సోపాన్‌కు తయారవుతున్నారు. అది దాటితేనే రాజ్య పురస్కార్‌కు, ఆపైన రాష్ట్రపతి అవార్డుకు దారి ఉంటుంది కాబట్టి పిల్లల కంటే తల్లిదండ్రులకే తొందర ఎక్కువగా కనిపిస్తోంది.

నా సందేహం ఇది. పిల్లల లాగ్ పుస్తకాలు తిరగేస్తే ప్రతి అంశానికీ సంతకం ఉంది, బొమ్మలు చక్కగా వేసి ఉన్నాయి, ముడుల పేర్లు, ఉపయోగాలు అడిగితే ఎక్కడా తడబడకుండా అప్పజెబుతున్నారు. అయితే మొన్న శనివారం వరండా స్తంభానికి తాడు కట్టి, తడిసిన గుడారం గుడ్డ ఆరవేయమన్నప్పుడు, కర్రకో స్తంభానికో తాడు కట్టే క్లోవ్ హిచ్ ముడి గురించి అంతకుముందే గడగడా చెప్పిన అమ్మాయి స్తంభం చుట్టూ తాడు నాలుగు చుట్లు తిప్పి, ఒకదాని మీద ఒకటిగా మామూలు ముడులు ఐదారు వేసింది. గుడ్డ బరువుకు తాడు జారి నేలకు ఆనింది. విప్పబోతే తడికి ముడులు బిగుసుకుపోయి, చివరికి కత్తెర తెప్పించవలసి వచ్చింది. అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆమెకు ముడి నోటికి వచ్చింది గాని చేతికి రాలేదు.

మాకు దొరికే సమయం వారానికి శనివారం చివరి గంట ఒక్కటే. సంక్రాంతి సెలవులు ముగిశాక జనవరిలో ఒక రాత్రి శిబిరం పెట్టాలని అనుకుంటున్నాం. పెన్నా ఒడ్డుకు కొద్ది దూరంలో ఉన్న మామిడి తోటలో అందుకు చోటు దొరికింది. ముడులు, లాషింగులు (కర్రలను తాడుతో కలిపి కట్టే కట్లు), దిక్సూచి, పటం చదవడం, నక్షత్రాలు, నిప్పు రాజేయడం, ప్రథమ చికిత్స, ఈత, ఇన్నింటిలో ఈ కొద్ది గంటలను ముందుగా వేటికి ఖర్చు పెట్టాలో చెప్పగలరా? మరొక ప్రశ్న ఏమిటంటే, మధ్యాహ్నం కర్ర నీడ ఉత్తరానికి పడుతుందని పుస్తకంలో చదివిన మా పిల్లలు జూన్ చివరలో మైదానంలో కర్ర పాతి చూస్తే నీడ దక్షిణానికి పడింది. దిక్సూచి పాడైందని కొందరు, కర్ర ఏటవాలుగా పాతారని కొందరు వాదించుకున్నారు, నేను తీర్పు చెప్పలేకపోయాను. ఇక పాములు, ఏటి గుంతలు అంటూ తల్లిదండ్రులు పడుతున్న భయానికి ఏం సమాధానం చెప్పాలన్నది మూడవ ప్రశ్న.

సమాధానం: ఒంగోలు విశ్రాంత మాస్టారు

టీచరుగారికి నమస్కారం. ఒంగోలులో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను, సర్వీసులో ఎక్కువ భాగం స్కౌట్ ట్రూపుతోనే గడిచింది. ముందు మీ రెండవ ప్రశ్న తీసుకుంటాను, ఎందుకంటే అందులో అభిప్రాయ భేదానికి తావు లేదు.

మీ దిక్సూచి బాగానే ఉంది, కర్రా నిటారుగానే ఉండి ఉంటుంది. స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1907లో బ్రౌన్‌సీ ద్వీపంలో మొదటి శిబిరం నడిపిన ఇంగ్లండులో సూర్యుడు ఏడాది పొడవునా మధ్యాహ్నానికి దక్షిణపు వైపే ఉంటాడు కాబట్టి అక్కడ నడిపొద్దు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుంది. మనం కర్కట రేఖకు దిగువన ఉన్నాం. నెల్లూరు సుమారు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఒంగోలు సుమారు 15.5 డిగ్రీల మీద ఉన్నాయి. ఏప్రిల్ ఆఖరులో సూర్యుడు నెల్లూరు నడినెత్తిని దాటి ఉత్తరానికి పోతాడు, మళ్లీ ఆగస్టు మధ్యలో గాని వెనక్కి రాడు. ఆ మూడున్నర నెలలూ మధ్యాహ్నపు నీడ దక్షిణానికే పడుతుంది. జూన్ 21న మీ మైదానంలో ఒక మీటరు కర్ర నిలబెడితే మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో దాని నీడ దాదాపు 16 సెంటీమీటర్లు, దక్షిణం వైపు ఉంటుంది. అదే కర్రకు డిసెంబరు 22న దాదాపు 78 సెంటీమీటర్ల నీడ ఉత్తరం వైపు పడుతుంది. చేతి గడియారంలో గంటల ముల్లును సూర్యుడి వైపు తిప్పి దిక్కు కనుక్కునే పద్ధతి కూడా చలి దేశాల వారికి కుదిరినట్టు మనకు కుదరదు. దానిని పిల్లలకు నేర్పకపోవడమే మేలని నా అభిప్రాయం.

మనకు కుదిరే పద్ధతి నీడ కొనను గుర్తించడం. కర్ర నీడ చివర ఒక గులకరాయి పెట్టి, ఇరవై నిమిషాలు ఆగి, జరిగిన నీడ చివర మరొకటి పెట్టాలి. మొదటి రాయి పడమర, రెండవది తూర్పు. దీనిని మధ్యాహ్నానికి కాస్త అటూ ఇటూగా చేస్తే ఏ నెలలోనైనా సరిపోతుంది, పొద్దున్నే చేస్తే కొంత పక్కకు తప్పుతుంది. దిక్సూచి విషయానికి వస్తే, మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు, హైకులో, అంటే కాలినడక యాత్రలో, దానిని పట్టించుకోనక్కరలేదు. దిక్సూచి పట్టుకున్న పిల్లవాడు మోటారు సైకిలుకు ఆనుకుని నిలబడకుండా, జేబులో ఫోను లేకుండా చూసుకుంటే చాలు.

వీటన్నిటికంటే ముందు మన నేల దిక్కులను పిల్లలకు అలవాటు చేయండి. సముద్రం తూర్పున ఉంది, వెలిగొండలు పడమట ఉన్నాయి, రెంటికీ నడుమ 16వ నంబరు జాతీయ రహదారి, చెన్నై–విజయవాడ రైలు మార్గం ఉత్తర దక్షిణాలుగా సాగుతున్నాయి, పెన్నా పడమటి నుంచి తూర్పుకు పారుతోంది. ఈ నాలుగు సంగతులు మనసులో నాటుకున్న పిల్లవాడు మీ ప్రాంతంలో ఎక్కడ దారి తప్పినా ఏదో ఒక గీత దగ్గరకు నడిచి చేరగలడు.

రాత్రి శిబిరంలో ధ్రువ నక్షత్రం చూపించాలంటే మరొక చిక్కు ఉంది. ఒక చోట ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున కనిపిస్తుందో ఆ చోటి అక్షాంశమూ అంతే కాబట్టి మనకది దిగంతానికి 14, 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే సుమారు పది డిగ్రీలు, నడిమి మూడు వేళ్లు కలిపితే ఐదు డిగ్రీలు వస్తుంది. పిడికిలి మీద మూడు వేళ్లు పేర్చిన ఎత్తులో వెతకమనండి. మామిడి తోట లోపల నిలబడితే కొమ్మలు అడ్డం వస్తాయి, ఏటి ఇసుక తిన్నెల వైపు బయటికి తీసుకురావాలి. జనవరి నడుమ సప్తర్షి మండలం ఈశాన్యాన లేవడం రాత్రి 8 గంటల ప్రాంతంలో మొదలై, తోకతో సహా పూర్తిగా కనిపించేసరికి దాదాపు 11 అవుతుంది. అంతసేపు పిల్లలు మేలుకోరు. సాయంత్రం 7 గంటలకే ఉత్తరానికి కాస్త పడమరగా కనిపించే శర్మిష్ఠ (కాసియోపియా) రాశి సాయంతో ధ్రువుణ్ణి చూపించండి. మృగవ్యాధుడి (ఓరియన్) నడుముకున్న మూడు చుక్కలు దాదాపు సరిగ్గా తూర్పున ఉదయించి పడమట అస్తమిస్తాయి కాబట్టి, తెల్లవారుజామున లేచిన పిల్లలకు పడమర ఎటో అవే చెబుతాయి.

ముడుల గురించి ఒక్క మాట. పేర్లు అడగడం మానేసి పనులు అప్పగించండి. జెండా కర్రకు తాడు కట్టడం, బావి బిందెను దించడం, రెండు జామాయిల్ కర్రలను కలిపి చెప్పుల స్టాండు చేయడం వంటి పనులలో ముడి తప్పితే ఫలితం అప్పటికప్పుడు కంటికి కనిపిస్తుంది. రీఫ్ నాట్ కట్టు కట్టడానికి, మూట కట్టడానికి మాత్రమేనని, బరువు మోయవలసిన రెండు తాళ్లను దానితో కలిపితే జారిపోతుందని మొదటి రోజే చెప్పాలి. మందం వేరుగా ఉన్న తాళ్లకు షీట్ బెండ్ వేయాలి, మనిషి నడుముకు బోలైన్ వేయాలి. స్క్వేర్ లాషింగుకు నైలాను తాడు ఇవ్వకండి, ఎంత లాగి బిగించినా సాయంత్రానికి వదులవుతుంది. పురికొసను మూడు పేటలుగా పేని ఇవ్వండి, లేదా సన్నని కొబ్బరి తాడు ఇవ్వండి. నిలువు కర్రకు క్లోవ్ హిచ్‌తో మొదలుపెట్టి, రెండు కర్రల చుట్టూ మూడు నాలుగు చుట్లు వేసి, ఆ తరువాత కర్రల నడుమ నుంచి రెండు మూడు బిగింపు చుట్లు వేస్తారు. పిల్లలు చుట్లు బాగానే వేస్తారు, బిగింపు దగ్గర అశ్రద్ధ చేస్తారు. పూర్తయ్యాక ఆ కర్రను పట్టుకుని మీరే ఒకసారి బలంగా ఊపి చూడండి, సంతకం అప్పుడు పెట్టండి.

సమాధానం: ఉదయగిరి స్టాఫ్ నర్సు

టీచరుగారూ, నేను మెట్ట ప్రాంతంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పని చేస్తున్నాను. మాస్టారు దిక్కుల గురించి చెప్పింది నేను దాచిపెట్టుకున్నాను గాని, మీకున్న కొద్ది గంటల్లో సగం ప్రథమ చికిత్సకే కేటాయించాలని నా మనవి. ముడి ఊడితే గుడ్డ కింద పడుతుంది, అక్కడితో సరి. పాము కరిచిన కాలికి తాడు బిగిస్తే జరిగే నష్టం వేరు.

మా దగ్గరకు వచ్చే పాముకాటు రోగుల్లో ఎక్కువ మందికి కాటు పైభాగాన చీర పేలికో తాడో బిగించి ఉంటుంది. కొందరికి బ్లేడుతో గాటు పెట్టి ఉంటుంది, మరికొందరు పసరు పోయించుకుని, మంత్రం వేయించుకుని, రెండు మూడు గంటలు పోగొట్టుకుని వస్తారు. గట్టిగా బిగించిన కట్టు వల్ల రక్తం ఆడక కాలు దెబ్బతింటుంది, గాటు వల్ల రక్తస్రావం పెరుగుతుంది, ముఖ్యంగా రక్తపింజరి కాటులో రక్తం గడ్డకట్టే గుణం పోతుంది కాబట్టి ఆ గాటు నుంచి రక్తం ఆగదు. పిల్లలకు నేర్పవలసింది చాలా తక్కువ: కరిచినవాణ్ణి నడవనివ్వకుండా పడుకోబెట్టడం, ఉంగరాలు, పట్టీలు, గడియారం తీసేయడం, కాలు కదలకుండా రెండు కర్రల నడుమ వదులుగా కట్టడం, కరిచిన సమయం కాగితం మీద రాయడం, 108కి ఫోన్ చేయడం. పామును చంపి సంచిలో తేవలసిన అవసరం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటి విషానికీ మన దేశంలో ఒకటే విరుగుడు మందు పని చేస్తుంది. చచ్చిందనుకున్న పామును పట్టుకోబోయి మరొకరు కాటు తిన్న సందర్భాలు ఉన్నాయి. స్కౌట్ పిల్లలకు త్రికోణపు గుడ్డ కట్టడం ఎలాగూ వచ్చు కాబట్టి కర్ర కట్టు భాగం వారికి సులువుగా అబ్బుతుంది.

శిబిరంలో నేను ఎక్కువగా భయపడేది కట్లపాముకు. అది రాత్రి పూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కరుస్తుంది, గాటు కనిపించకపోవచ్చు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. తెల్లవారుజామున ఒక పిల్ల కడుపునొప్పి అని లేచి, కనురెప్పలు వాలిపోతున్నాయని, మింగలేకపోతున్నానని అంటే అది రాత్రి తిన్నది పడకపోవడం అనుకుని ఓమవాటరు ఇచ్చి పడుకోబెట్టకండి, వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. నేల మీద చాప ఒక్కటే పరిచి పడుకోబెట్టవద్దు. మంచాలు దొరికితే మంచిది, దొరకకపోతే దోమతెర అంచును పరుపు కిందకు చుట్టూ దోపాలి. బియ్యం మూటలు, మిగిలిన అన్నం పడుకునే చోటికి దూరంగా ఉంచాలి, ఎందుకంటే వాటి కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తాయి. రాత్రి మూత్రానికి లేచినప్పుడు టార్చి లైటు, చెప్పులు తప్పనిసరి. పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోవాలి, వాటిలో తేళ్లు చేరతాయి. తేలు కుట్టిన పిల్లకు చెమటలు పట్టి, చేతులు చల్లబడి, వాంతి అయితే నొప్పి తగ్గేదాకా చూద్దామని ఆగకూడదు.

వంట దగ్గర కాలిన చోట టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయడం ఇంకా చూస్తున్నాం. కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచడమే దానికి చికిత్స, పొక్కులు చిదపకూడదు. జనవరిలో మీకు ఎండ భయం లేదు గాని, వేసవిలో హైకు పెడితే వడదెబ్బ గురించి విడిగా అడగండి, రాస్తాను.

సమాధానం: కొత్తపట్నం వాసి

మాది ప్రకాశం జిల్లాలో సముద్రపు ఒడ్డు. మా అబ్బాయి స్కౌట్. ఆసుపత్రి గురించి నర్సమ్మ చెప్పారు కాబట్టి నేను నీటి గురించే చెబుతాను.

ఈత పరీక్ష పెట్టడం మంచిదే. అయితే చెరువులో ఈత వచ్చిన పిల్లవాడే సముద్రంలోనూ, ఏటిలోనూ ముందుగా ప్రమాదంలో పడతాడు, ఎందుకంటే రానివాడు లోపలికి పోడు. కార్తీక మాసంలో సముద్ర స్నానానికి వచ్చే జనం మోకాలి లోతులో ఉన్నామని అనుకుంటుండగానే కాళ్ల కింద ఇసుక కోసుకుపోతుంది. అలలు వరుసగా విరుగుతున్న ఒడ్డులో ఒకచోట మాత్రం అలలు విరగకుండా నీరు ప్రశాంతంగా కనిపిస్తే, కొత్తవారు అదే మంచి చోటని అక్కడ దిగుతారు. ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి సముద్రంలోకి పోయేది ఆ సందులోనుంచే. అందులో చిక్కినవాడు ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు తప్పించుకున్నాక ఒడ్డు వైపు తిరగాలి. అలసిపోతే వెల్లకిలా తేలుతూ చేయి ఊపాలి. ఒడ్డున కూర్చోబెట్టి, ఇదిగో అక్కడ చూడండి అని వేలితో చూపిస్తే పిల్లలు పది నిమిషాల్లో ఆ సందును గుర్తుపడతారు.

మీ శిబిరం పెన్నా దగ్గర అంటున్నారు. నదిలో ఇసుక తవ్విన చోట్ల గుంతలు ఉంటాయి. మీద నీరు సమంగానే కనిపిస్తుంది, ఒక అడుగు మోకాలి లోతు, తరువాతి అడుగు నిలువు లోతు. పైన సోమశిల జలాశయం నుంచి నీరు వదిలితే నీటి మట్టం మారుతుంది. అందుకని స్నానానికి ఏటిలో దించవద్దని, తోటలో బోరు దగ్గరే స్నానాలని ముందే నిర్ణయించి, తల్లిదండ్రులకు ఆ మాట రాతపూర్వకంగా చెప్పండి. వారి భయం సగం అక్కడే పోతుంది.

మునిగిపోతున్నవారిని కాపాడడం నేర్పేటప్పుడు, దూకి కాపాడడం వీరత్వమని పిల్లల బుర్రల్లో ఉన్నదాన్ని ముందు తీసేయాలి. ఒకరి కోసం ఒకరుగా ముగ్గురు పోయిన ఇళ్లు మా తీరంలో ఉన్నాయి. ఒడ్డున బోర్లా పడుకుని స్కౌట్ కర్ర అందించడం, అందకపోతే తాడు విసరడం, తాడు చివర మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాను కట్టడం నేర్పండి. ఆ క్యాను మనిషిని బాగా తేలుస్తుంది, ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. తాడును మైదానంలోనే పది మీటర్ల దూరంలో నిలబడ్డ పిల్లవాడి భుజం దాటి పడేలా విసరడం సాధన చేయించవచ్చు, దీనికి నీరు అక్కరలేదు. వలలో ప్రతి కన్నుకూ మేము వేసే ముడి మీ షీట్ బెండే, మీ పిల్లలను ఒకరోజు మా వైపు తీసుకువస్తే వల అల్లేవారి చేతులను దగ్గరగా చూడవచ్చు.

ఒడ్డుకు తెచ్చాక కడుపు మీద నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తిప్పడం చేయకూడదని మాకు శిక్షణలో చెప్పారు. దాని వివరం నర్సమ్మగారే చెబితే బాగుంటుంది.

సమాధానం: ఉదయగిరి స్టాఫ్ నర్సు

నిజమే. కడుపు నొక్కితే లోపలి తిండి, నీరు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. పిలిస్తే పలకక, ఊపిరి తీయకపోతే ముందు నోటితో ఐదు శ్వాసలు ఇచ్చి, ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. పెద్దవారికి 5 సెంటీమీటర్ల లోతు, పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు. ముప్ఫై నొక్కులకు రెండు శ్వాసలు. నీట మునిగినవారికి గాలి అందకే గుండె ఆగుతుంది కాబట్టి వీరి విషయంలో శ్వాస ఇవ్వడం మానకూడదు. దీనిని చదివి నేర్చుకోలేరు. మీ దగ్గరి ఆసుపత్రి వారిని అడిగి బొమ్మ మీద చేయించండి.

సమాధానం: కావలి తండ్రి

అందరి మాటలూ గౌరవంతో చదివాను. అయినా ఒక సందేహం అడగకుండా ఉండలేను. చేతిలో ఫోను ఉంటే దిక్కు, దారి, ఆసుపత్రి అన్నీ అదే చూపిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు పదో తరగతి ముందే మొదలైనట్టుంది ఇప్పటి చదువు. ఈ సమయంలో ధ్రువ నక్షత్రం ఎత్తు ఎంతో, లాషింగుకు ఎన్ని చుట్లో నేర్పడం వల్ల సర్టిఫికెట్టు తప్ప వచ్చేది ఏమిటి? పైగా రాత్రి శిబిరం అంటే ఆడపిల్లల తల్లిదండ్రులుగా మాకు మరింత ఆందోళన.

సమాధానం: కోవూరు టీచరు

మీ ఆందోళన నాకు అర్థమైంది, మా ఊరి తల్లిదండ్రులూ ఇదే అడిగారు. ఫోను గురించి మాత్రం ఒప్పుకోలేను. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లు నీటిలో ఉన్నాయి. కరెంటు పోయాక ఛార్జింగు ఎంతసేపు నిలిచిందో ఆ రోజులు చూసినవారికి తెలుసు. నీటిలో నడిచేటప్పుడు కర్రతో ముందు లోతు చూసుకుని అడుగు వేయడం, తాడు పట్టుకుని వరుసగా దాటడం, కాచి చల్లార్చిన నీళ్లే తాగడం, ముసలివారిని ఇద్దరు చేతుల కుర్చీ మీద మోసుకురావడం వంటివి ద్వితీయ, తృతీయ సోపాన్ స్థాయి పిల్లలు చేయగలిగిన పనులే. మనది ఈశాన్య రుతుపవనాల జిల్లా, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫాను హెచ్చరికలు రాని సంవత్సరం అరుదు.

ఆడపిల్లల విషయంలో, గైడ్ల గుడారాల దగ్గర మహిళా ఉపాధ్యాయులు ఇద్దరికి తక్కువ కాకుండా ఉంటారు, ఒక్క పెద్ద మనిషి ఒక్క పిల్లతో విడిగా ఉండే పరిస్థితి ఎక్కడా రానివ్వం, తల్లులలో ఇష్టమున్నవారు వచ్చి ఉండవచ్చు. ఇవన్నీ సమ్మతి పత్రంలోనే రాస్తున్నాను. మీరు అడిగి ఉండకపోతే చివరి వాక్యం రాయడం తట్టేది కాదు, అందుకు ధన్యవాదాలు.

మిగతావారిని ఇంకొకటి అడగాలి. నిప్పు రాజేయడం, చాకు, చిన్న గొడ్డలి వాడకం ఎలా నేర్పుతున్నారు? పిల్లలు పెంచలకోన దగ్గర అడవిలో హైకు కావాలని పట్టుబడుతున్నారు, అక్కడ వంట చేసుకోవచ్చా?

సమాధానం: నెల్లూరు రోవర్

మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను, స్కౌట్‌గా రాష్ట్రపతి అవార్డు దాకా వచ్చి ఇప్పుడు రోవర్ క్రూలో, అంటే పెద్ద వయసు స్కౌట్ల బృందంలో, ఉన్నాను. పెంచలకోన చుట్టూ ఉన్న అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం. అక్కడ గుడికి వెళ్లి రావడం వేరు, పిల్లలను అడవి లోపలికి నడిపించడం వేరు. రెండవదానికి అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి, నిప్పు మాట ఎత్తకూడదు. భైరవకోన వంటి చోట్లకు పోయినా ముందు అడిగి పోవడమే పద్ధతి. నా సలహా ఏమిటంటే, హైకుకు వండుకునే పని పెట్టుకోకుండా పులిహోర, పెరుగన్నం కట్టించి, వంట పరీక్షను మామిడి తోటలోనే పెట్టండి.

నిప్పు గురించి. రెండు అగ్గిపుల్లలకు మించకుండా కట్టెల పొయ్యి వెలిగించడం స్కౌట్ల పాత పరీక్ష. పిల్లలు పుల్లల విషయంలోనే ఆత్రపడతారు గాని గెలుపు అంతా సామాను సర్దడంలో ఉంది. ఎండిన కొబ్బరి పీచు విప్పి గూడులా చేసి, దాని మీద ఎండు సరుగుడు ఆకు, ఆపైన పెన్సిలు మందం పుల్లలు, ఆపైన బొటనవేలి మందం కట్టెలు విడివిడి కుప్పలుగా ముందే పెట్టుకోవాలి. గాలి వచ్చే వైపు వీపు పెట్టి కూర్చుని, పుల్లను కిందనుంచి అందించాలి. జనవరి పొద్దున మంచుకు తోటలో రాలిన ఆకు చెమ్మగా ఉంటుంది, మునుపటి సాయంత్రమే పీచు, ఆకు గోనెసంచిలో దాచుకున్న పెట్రోల్ (స్కౌట్ల చిన్న జట్టు) వారే టిఫిను ముందుగా తింటారు. మేము సర్కారు తుమ్మ కట్టెలు వాడేవాళ్లం, నిప్పు బాగా నిలుస్తుంది. దాని ముల్లు మాత్రం పలచని చెప్పు అట్టను దూసుకుని కాలిలో విరుగుతుంది, కాబట్టి కట్టెలు ఏరేటప్పుడు బూట్లు వేయించండి.

పొయ్యి చుట్టూ రెండు మూడు మీటర్ల మేర ఎండుటాకు ఊడ్చి నేల కనిపించేలా చేయాలి. బకెట్టు నీళ్లు, బకెట్టు ఇసుక పొయ్యి వెలిగించకముందే అక్కడ ఉండాలి. నైలాను చున్నీ, వదులు పైజామా వేసుకున్నవారిని పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు. ఆర్పడం పరీక్షలో భాగమని పిల్లలకు ఎవరూ చెప్పరు. నీళ్లు చల్లి, కర్రతో కెలికి, మళ్లీ చల్లి, బూడిద మీద అరచేతి వెనుక భాగం ఆనించి చూసి వేడి లేదనుకున్నాకే పొయ్యి ఆరినట్టు లెక్క.

చాకు, గొడ్డలి పట్టుకున్నవాడు ముందు చేయి చాచి చుట్టూ తిరగాలి, ఆ చేయి ఎవరికీ తగలకపోతేనే పని మొదలుపెట్టాలి. చాకును ఎప్పుడూ శరీరానికి బయటివైపు నడపాలి, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు పిడి అవతలివారి వైపు ఉండాలి, తీసుకున్నవారు అందిందని చెప్పాకే వదలాలి. గొడ్డలిని నేలలో దిగవేసి పోకూడదు, మొద్దులో దిగవేయాలి. మా స్కౌట్ మాస్టరుగారు పనిముట్ల బాధ్యత ఒక్కొక్క పెట్రోల్ లీడర్‌కు రాసి ఇచ్చేవారు. రాత్రి లెక్క అప్పగించకపోతే ఆ పెట్రోల్‌కు మరుసటి రోజు గొడ్డలి ఉండేది కాదు. తిట్ల కంటే అది బాగా పని చేసింది.

ముందుగా ఏవి నేర్పాలన్న మీ ప్రశ్నకు నా క్రమం చెబుతాను: నవంబరు చివరిదాకా ప్రథమ చికిత్స, తాడు విసరడం, డిసెంబరులో బోలైన్, క్లోవ్ హిచ్, షీట్ బెండ్, స్క్వేర్ లాషింగు, జనవరి మొదటి వారంలో నిప్పు, చాకు. నక్షత్రాలను శిబిరం రాత్రికే వదిలేయండి, మాస్టారు చెప్పిన పిడికిలి కొలత అక్కడ నిలబెట్టి నేర్పడానికి అరగంట చాలు. బడిలో గోడ మీద బొమ్మ గీసి నేర్పితే మళ్లీ లాగ్ పుస్తకమే అవుతుంది.

సమాధానం: ఒంగోలు విశ్రాంత మాస్టారు

ఈ క్రమం నాకూ నచ్చింది. ఒక్క మార్పు మాత్రం సూచిస్తాను. దిక్కులకు విడిగా గంట కేటాయించకుండా, ప్రతి శనివారం సమావేశం మొదట్లో ఒక్కొక్క పిల్లను లేపి ఇప్పుడు వెలిగొండలు ఎటు, సముద్రపు ఒడ్డున ఉన్న మైపాడు ఎటు అని అడగండి. నిమిషం కంటే పట్టదు.

సమాధానం: కోవూరు టీచరు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, వచ్చే శనివారం నుంచే అడుగుతాను. నర్సమ్మగారూ, చివరిగా ఒకటి. శిబిరానికి ముందు ఆసుపత్రి వారికి ఏమైనా చెప్పి ఉంచాలా, లేక అవసరమైనప్పుడు 108కి ఫోన్ చేస్తే సరిపోతుందా?

సమాధానం: ఉదయగిరి స్టాఫ్ నర్సు

చెప్పి ఉంచండి. తోటకు దగ్గరలో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాముకాటు విరుగుడు మందు నిల్వ ఎక్కడ ఉందో, రాత్రి డ్యూటీలో డాక్టరు ఎక్కడ ఉంటారో శిబిరానికి వారం ముందు స్వయంగా వెళ్లి అడిగి రండి, ఎందుకంటే దగ్గరి ఆసుపత్రి, మందు ఉన్న ఆసుపత్రి అన్నిసార్లూ ఒకటే కావు. తోటకు దారి చెప్పేటప్పుడు అంబులెన్సు డ్రైవరుకు పనికివచ్చే గుర్తు, అంటే రోడ్డు మీది గుడి, రైస్ మిల్లు, మలుపు వంటివి ఒక కాగితం మీద రాసి, ప్రతి పెట్రోల్ లీడర్ దగ్గరా ఒక ప్రతి ఉంచండి. రాత్రంతా అక్కడే ఉండే కారు ఒకటి, దానిని నడిపేవారు ఒకరు ఉండేలా చూడండి. ఫిట్స్, ఉబ్బసం, ఏదైనా మందు పడకపోవడం ఉన్న పిల్లల వివరాలు సమ్మతి పత్రంలోనే అడిగి, ఆ పిల్లలు రోజూ వాడే మందులు మీ దగ్గర పెట్టుకోండి.